అప్పడం పెట్టి కొన్న జాకీ

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఒక అప్పడం విరిగింది. అప్పడం పుట్టిందే విరగడానికి కదా, ఇందులో చెప్పుకోవలసిందేముందని మీరు అనుకోవచ్చు. కానీ ఇది కంచంలో విరిగిన అప్పడం కాదు. వాకిట్లో కారును జాకీతో ఒక పక్కకి ఎత్తి, దాని అంచు కింద ఇటుకలు పేర్చి, పై ఇటుక మీద వేయించిన అప్పడాన్ని, కారు అంచు తగిలీ తగలనట్టుగా పెట్టి, నేను భోజనానికి వెళ్లాను. తిని, కాస్త కునుకు తీసి, కాఫీ వేళకి లేచి వచ్చి చూస్తే అప్పడం పొడిపొడిగా ఉంది. మా ఆవిడ పిల్లి తొక్కి ఉంటుందంది. పిల్లి మీద నాకూ అనుమానం లేకపోలేదు గానీ, ఆ ఇటుకల సందులో పిల్లి కాలు పట్టదు. మర్నాడు ఇంకో అప్పడం పెట్టాను. అదీ విరిగింది. అంటే జాకీ దిగుతోందన్నమాట. ఇన్నేళ్లుగా నేను దేన్ని నమ్మి కారు కింద నిర్భయంగా పడుకుని పనులు చేసుకున్నానో ఆ జాకీ, కంటికి కనబడకుండా, చప్పుడు చెయ్యకుండా దిగుతోంది.

కారుతో పాటు కంపెనీవాడు ఇచ్చే చిన్న జాకీ సంగతి కాదు నేను చెప్పేది. ఇది ట్రాలీ జాకీ. నాలుగు చక్రాల మీద మొసలిలా నేలబారుగా ఉంటుంది. పొడుగాటి పిడిని పైకీ కిందికీ కొడుతుంటే లోపల ఆయిలు ఒత్తిడికి దాని చెయ్యి లేచి బండిని ఎత్తుతుంది. పిడి తిప్పితే దింపుతుంది. మెకానిక్ షెడ్లలో ఉండే ఈ వస్తువు ఒక రిటైరైన కాలేజీ గుమాస్తా ఇంట్లో ఎందుకుందంటే, అందుకు కారణం మా బావ.

బావ అంటే మా అక్క భర్త. ఆయనది దివిసీమ, హంసలదీవి దగ్గర పల్లె. ఉద్యోగం మాత్రం గుడివాడలో, రైసు మిల్లులో ధాన్యం చూసి కొనే పని. ధాన్యం కొనేవాడికి అనుమానమే పెట్టుబడి. బస్తా పైన ఉన్న గింజలు ఎప్పుడూ బంగారంలాగే ఉంటాయట. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, అడుగు గింజ తీసి, పంటి కింద కొరికి, టప్పుమందా మెత్తగా నలిగిందా అని విని, అప్పుడు గానీ బావ నోరు తెరిచేవాడు కాదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. పాలవాడి పాలు, పేపరువాడి పేపరు, డాక్టరు రాసిన మందు, దేన్నీ పైపైన చూసి ఒప్పుకునేవాడు కాదు. రిటైరయ్యాక బందరులో ఇల్లు కట్టుకున్నాడు. అప్పటి నుంచీ గిలకలదిండి హార్బరులో చేపలమ్మే ఆడవాళ్లకి ఆయన సుపరిచితుడు. చేప కన్ను చూసేవాడు, మొప్ప ఎత్తి చూసేవాడు, పొట్ట మీద వేలితో నొక్కి ఆ సొట్ట తిరిగి లేస్తుందో లేదో కనిపెట్టుకుని కూర్చునేవాడు. "పెళ్లిచూపులకొచ్చావా బాబూ, చేపలకొచ్చావా?" అని వాళ్లు నవ్వేవాళ్లు. బావ నవ్వేవాడు కాదు. పెళ్లిచూపుల్లో అంత చూడనిచ్చి ఉంటే బావుండేదన్నట్టు అక్క వైపు తిరిగి చూసేవాడు, అంతే.

నేను పాత కారు ఒకటి కొన్నప్పుడు ఆయన అనుమానానికి కొత్త మేత దొరికింది. "షెడ్డులో వదిలేసి రామాకు. మనం ఇచ్చిన బండి వేరు, వాడు తిరిగిచ్చే బండి వేరు. లోపలున్న మంచి సామానంతా మార్చేస్తాడు," అన్నాడు. ఆ మాట అన్ని షెడ్ల విషయంలోనూ నిజం కాదని నాకు తెలుసు. కానీ అనుమానం దోమలాంటిది, ఒకటి చెవి దగ్గర చేరితే ఇక నిద్ర పట్టదు. అలా చిన్నచిన్న పనులు ఇంట్లోనే చేసుకోవడం మొదలైంది. బావకి పొట్ట కాస్త ఎక్కువ. అందుకని కారు కింద దూరడం నా వంతు, బయట నిలబడి అనుమానించడం ఆయన వంతు. దూరేది నేను కాబట్టి జాకీ ఎంపిక మాత్రం తన చేతుల్లోకి తీసుకున్నాడు.

గుడివాడ బస్టాండు నుంచి కాస్త దూరంలో కారు సామాన్ల కొట్టు ఉండేది. ఆ యజమాని సౌమ్యుడు. ఎర్రరంగు జాకీ తెచ్చి బల్ల మీద పెట్టి, "రెండు టన్నులండీ, మీ కారుకి చాలా ఎక్కువండీ," అన్నాడు. బావ ముందు ఆ రెండు టన్నులని రాసి ఉన్న కాగితాన్ని గోటితో గీకాడు, కింద ఇంకో కాగితం ఉందేమోనని. లేదు. జాకీని ఎత్తి బరువు చూశాడు. బోర్లించి అతుకులు వేసిన చోట వేలితో తడిమాడు. ఆయిలు వాసన చూశాడు. చక్రాలు ఒక్కొక్కటే తిప్పాడు. తర్వాత కొట్టువాడి సొంత కారునే ఎత్తమన్నాడు. ఎత్తాడు పాపం. "ఎత్తడం ఎవడన్నా ఎత్తుతాడండీ. దింపేటప్పుడు తెలుస్తాది దాని బుద్ధి," అని బావ పిడిని కొంచెం కొంచెంగా తిప్పాడు. కారు ధడేలుమని పడకుండా, చెప్పిన మాట వింటూ మెల్లగా దిగింది. నేను డబ్బు తియ్యబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కొట్టువాడికి ఓపిక నశించింది. "ఇంత అనుమానం ఉన్నోరు కారెందుకు కొన్నారండీ?" అన్నాడు. "నేను కొనలేదండీ, మా బావమరిది కొన్నాడు," అన్నాడు బావ తడుముకోకుండా.

బాగోకపోతే వాపసు తీసుకోవాలని అతన్ని ఒప్పించాకే డబ్బు తియ్యనిచ్చాడు, జాకీ ఇంటికి తెచ్చాం. అప్పడం పరీక్ష ఆ రోజే పుట్టింది. మంచి జాకీ ఎత్తిన చోటే నిలబడాలి. లోపల ఆయిలు కారకుండా ఆపే సీలు బాగోలేకపోతే వెంట్రుకవాసి చొప్పున దిగుతుంది, అది మన కంటికి తెలియదు. తెలిసేలా చెయ్యడానికి ఏం పెట్టాలా అని బావ ఆలోచిస్తూ, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి కూర్చుని, కంచంలో అప్పడాన్ని చూసి, తినకుండా లేచాడు. ఆ మొదటి జాకీ అప్పడాన్ని విరగ్గొట్టింది. దాన్ని పట్టుకెళ్లి, విరిగిన ముక్కలు కూడా కాగితంలో పొట్లం కట్టి, సాక్ష్యంగా కొట్టువాడి ముందు పెట్టాడు. "అప్పడం ఇరిగిందని జాకీ వాపసు తెచ్చినోళ్లని ఇప్పుడే చూస్తున్నానండీ," అన్నాడు ఆ పెద్దమనిషి. కానీ మార్చి ఇచ్చాడు. రెండోది నిలబడింది. సాయంత్రం కాఫీతో పాటు ఆ చెక్కుచెదరని అప్పడాన్ని బావ తనే తిన్నాడు. కాస్త ఆయిలు వాసన వస్తోందన్నాడు.

ఇంతగా అనుమానించిన మనిషి ఒక్క దాన్ని మాత్రం అనుమానించలేదు. ఆ సంగతి మాకు దివిసీమలో తెలిసింది.

వానలు వెనకపట్టిన రోజుల్లో, బావ తమ్ముడి ఇంట్లో ఏదో శుభకార్యానికి నా కారులోనే వెళ్లాం. ఊళ్లోకి వెళ్లే దారిలో గతుకు తగిలి సైలెన్సరు పట్టీ ఊడింది. గొట్టం నేలకి రాసుకుంటూ ఊరంతటికీ మా రాక చాటింది. పట్టీ మళ్లీ బిగించాలంటే కింద దూరాలి. జాకీ డిక్కీలో ఉంది. ఇంటి ముందు సిమెంటు దారి మీద పని చేద్దామంటే అక్కడ పందిరి వేశారు. బావ కారును ఇంటి వెనక కళ్లంలోకి తోలించాడు. కళ్లమంటే వరి కుప్ప నూర్చి, ధాన్యం ఆరబోసే చోటు. ప్రతి ఏడూ తడిపి, కొట్టి, పేడతో అలికి, గింజ నేలలో దిగకుండా నున్నగా తయారు చేసేవాళ్లు. "ఇక్కడ గట్టిగానే ఉంటుందా బావా?" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. "ఒరేయ్, ఇది మా కళ్లం. మా తాత కొట్టించిన నేల. నీ సిమెంటు దీని ముందెంత? మడమేసి తొక్కినా గుంట పడదు." జాకీ పెట్టి తనే కారును ఎత్తాడు. నేను నడుం వాల్చబోతుంటే, "ఆగాగు. నేల సంగతి సరే, జాకీని నమ్మకూడదు," అని డిక్కీలోంచి స్టెప్నీ తీసి, కారు అంచు కింద పడుకోబెట్టాడు. ఆ అనుమానం ఆయనకి కొత్త కాదు. ప్రతిసారీ పెట్టేవాడు, ప్రతిసారీ నేను విసుక్కునేవాణ్ణి.

నట్టు సగం బిగించాను. తలకి దగ్గరగా ఎక్కడో పెంకు పగిలినట్టు చిన్న చప్పుడైంది. జాకీ చక్రం ఒకటి నేలలోకి దిగిపోయింది, జాకీ పక్కకి ఒరిగింది, కారు నా మీదికి వచ్చింది. వచ్చి, స్టెప్నీ మీద ఆగింది. నా చొక్కా గుండీ ఒకటి తెగి ఎటో పోయింది. ఊపిరి తీస్తే గుండె ఇనుముకి తగులుతోంది. బావ నా రెండు కాళ్లూ పట్టుకుని ఇవతలికి లాగాడు. అంత బలం ఆయనలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. లాగి, నా ఛాతీ మీద చేత్తో తడిమి తడిమి చూసి, అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే చూడలేక నేనూ ఏడ్చాను.

తర్వాత జాకీ లేపి చూస్తే జరిగింది అర్థమైంది. కోత మిషన్లు వచ్చాక చేలోనే నూర్చేసి ధాన్యం అటే మిల్లుకి పంపేస్తున్నారు. కళ్లాన్ని కొట్టి, అలికి ఎన్నేళ్లయిందో బావ తమ్ముడికే గుర్తు లేదు. పైన అట్టులా ఎండిన పెచ్చు, దాని కింద వానకి నానిన నల్లమట్టి. బావ ఆ గుంటలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా దిగింది. "ఊరందరి బస్తాల్లోనూ చెయ్యి పెట్టి చూశాన్రా. నా నేలలో పెట్టి చూడలేదు," అన్నాడు.

జాకీకి ఏమీ కాలేదు. దాని తప్పు లేదని బావే తీర్పు చెప్పాడు. ఆనాటి నుంచి మాత్రం ఎక్కడ కారు ఎత్తాలన్నా ముందు చెప్పు విడిచి, మడమతో నేలను గట్టిగా తన్ని చూసేవాడు. బందరులో తన ఇంటి గచ్చును తన్నేవాడు, గుడివాడలో మా వాకిలిని తన్నేవాడు. ఒకసారి పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుంటుంటే అక్కడా తన్నాడు. బంకు కుర్రాళ్లు బిత్తరపోయి చూశారు.

అందుకే మొన్న అప్పడం విరగ్గానే ఆయనకే ఫోన్ చేశాను. కొత్త జాకీ కొనాలి, మూడు టన్నులదా, రెండు టన్నులదా, ఏది చూడమంటావు బావా అన్నాను. ఒక గంట ఉపన్యాసానికి సిద్ధపడి కుర్చీ కూడా లాక్కున్నాను. "ఏదో ఒకటి తీసుకోరా. అన్నీ మంచివే," అన్నాడు.

అప్పడం విరిగినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. అక్క ఫోన్ అందుకుని గొంతు తగ్గించి చెప్పింది. "ఈ మధ్య అంతేరా. దేన్నీ అడగట్లేదు. మొన్న గిలకలదిండి నుంచి చేప తెచ్చాడు, కాలువలో పారబోశాను. మొప్ప ఎత్తి చూడలేదా అంటే, ఆవిడ బాగుందని చెప్పిందిగా అన్నాడు." ఇదంతా వయసు వల్లనేనని డాక్టరు అన్నాడట. మతిమరుపు మొదలై ఉండవచ్చన్నాడట. ఎవరేం చెప్పినా ఊఁ అంటున్నాడట. అక్క అది చెబుతూ ఏడ్చింది. నలభై ఏళ్లు ఆ అనుమానంతో వేగలేక అల్లాడిన మనిషి, ఇప్పుడు అది పోయిందని ఏడ్చింది.

మర్నాడు బందరు వెళ్లి బావను కారులో కూర్చోబెట్టుకుని గుడివాడ తీసుకొచ్చాను. పాత కొట్టులో ఇప్పుడు ఆ పెద్దమనిషి కొడుకు ఉన్నాడు. జాకీని బావ ముందు పెట్టాను. కాగితం గీకుతాడేమోనని చూశాను. గీకలేదు. దాని మీద చెయ్యి వేసి నిమిరి, "బావుంది," అన్నాడు. కాగితం నేనే గీకాను. వాసన నేనే చూశాను. కారు ఎత్తించి, దింపించి, దాని బుద్ధి నేనే చూశాను. కొట్టు కుర్రాడు నా వంక చూసిన చూపు నాకు బాగా తెలిసినదే.

ఇంటికొచ్చి అప్పడం పెట్టాం. కాఫీ వేళకి నిలబడే ఉంది. బావ దాన్ని తింటాడేమోనని చేతికిచ్చాను. ఎందుకిచ్చానో ఆయనకి తెలియలేదు, జేబులో పెట్టుకున్నాడు. సరే, ఇంజను ఆయిలు మారుద్దామని నడుం వాల్చి కారు కిందికి తల పెట్టబోతున్నాను. కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే బావ లేచి వచ్చి జాకీ పక్కన నిలబడ్డాడు. ఎడమ కాలి చెప్పు విడిచాడు. మడమతో మా వాకిలి గచ్చును గట్టిగా తన్నాడు. తన్ని, చెవి కాస్త వంచి విన్నాడు.

"ఈ గచ్చు ఎప్పుడేయించావురా?" అన్నాడు.

"ఎప్పుడో వేయించాను బావా."

"ఎప్పుడో అంటే మళ్లీ చూసుకోవద్దా?" అన్నాడు కోపంగా.

ఆ కోపం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. లేచి, డిక్కీలోంచి స్టెప్నీ తెచ్చి కారు అంచు కింద పడుకోబెట్టాను. బావకి తృప్తి కలగలేదు. కాలితో దాన్ని ఇంకొంచెం లోపలికి తోసి, "ఇప్పుడు దూరు," అన్నాడు. దూరాను. నట్టు విప్పుతున్నంతసేపూ కారు పక్కన ఆయన రెండు పాదాలూ నాకు కనబడుతూనే ఉన్నాయి, ఒకటి చెప్పుతో, ఒకటి చెప్పు లేకుండా. మనిషిని కాలం ధడేలుమని పడెయ్యదు. మనం కడుపునిండా తిని కునుకు తీసే వేళల్లో, వెంట్రుకవాసి చొప్పున దింపుతూ పోతుంది.