థియేటరు గడిలో ఒకటి

ఆపరేషన్ థియేటర్లో ఆ నర్సుని అందరూ ముందుచూపమ్మ అనేవాళ్లు. డాక్టరు నోరు తెరిచేలోపే కత్తెర ఆయన చేతిలో ఉండేది. "ఈవిడకి మనసులో మాట కూడా వినపడుతుంది. ఇంట్లో ఆయన ఎలా నెగ్గుకొస్తున్నాడో పాపం!" అని మత్తు డాక్టరు ఆటపట్టించేవాడు.

నిజానికి ఆమెకి పైకి అన్న మాటే సరిగా వినపడదు. మాస్కుల వెనక పెదాలూ కనపడవు. అందుకని ఇరవై రెండేళ్లు డాక్టర్ల వేళ్లని చూసి పని చేసింది. ఆస్పత్రి ఆఫీసులో గుమాస్తాని నేను. వరండాలో ఒకసారి వెనకనుంచి నాలుగుసార్లు పిలిచి కనిపెట్టాను. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు.

ఒక ఏడు పైనుంచి సర్వే వచ్చింది. సిబ్బందిలో ఎలాంటివాళ్లు ఉన్నారు, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, అందరినీ సమానంగా చూస్తున్నారా అని. పేరు రాయక్కర్లేదు.

"నిజం రాయనా అన్నయ్యా?" అని నన్నడిగింది.

"రాయి చెల్లెమ్మా. పేరే లేనప్పుడు నీ జోలికెవరొస్తారు? చెవికి మిషనిచ్చినా ఇస్తారు."

రాసింది.

పట్టిక నేనే వేశాను. విభాగం, ఆడా మగా, వయసు, ఇబ్బంది. గీతలు తిన్నగా వచ్చాయని మురిసిపోయాను కూడా. థియేటరు, ఆడవాళ్లు, యాభై పైన: ఒకటి. వినికిడి లోపం: ఒకటి.

నోటీసు బోర్డుకి అంటించి, టీ తాగుతుంటే తట్టింది. థియేటర్లో యాభై దాటిన ఆడమనిషి ఆమె ఒక్కతే. గ్లాసు వదిలేసి పరిగెత్తాను. అప్పటికే బోర్డు ముందు నలుగురు గుసగుసలాడుతున్నారు.

మర్నాడు మేట్రన్ ఆమెని పిలిపించింది. "ఇన్నాళ్లూ దాచావా తల్లీ? రేపేదైనా జరిగితే?"

"ఇన్నేళ్లలో ఏమైనా జరిగిందా మేడమ్?"

"జరగలేదు కాబట్టే గౌరవంగా పంపిస్తున్నాం."

దుప్పట్ల స్టోరుకి మార్చారు. చెవి మిషను మాటెవరూ ఎత్తలేదు.

వారం దాకా నాకు మొహం చెల్లలేదు. వెళ్లేసరికి కిటికీ వైపు తిరిగి మడతలు పెడుతోంది. "నీ పొట్ట నేనే కొట్టాను చెల్లెమ్మా" అన్నాను. కాసేపటికి ఇటు తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఏమైనా అన్నావా? గట్టిగానే చెప్పన్నయ్యా, ఇంకా దాచేదేముంది?"

మళ్లీ అనలేకపోయాను. "దుప్పట్లు ఎన్నున్నాయని అడిగాను" అన్నాను.

మరుసటి ఏడు సర్వేలో థియేటరు గడిలో సున్నా పడింది. థియేటర్లో ఇబ్బందులు బాగా తగ్గాయని మెచ్చుకుంటూ పైనుంచి ఉత్తరం వచ్చింది. దాన్నీ నా చేత్తోనే బోర్డుకి అంటించాను.