అవ్వ ఒడిలో చిక్కునూలు

నా చిన్నప్పుడు, నైజాం రోజుల్లో, దేవరకొండ దగ్గరి మా ఊళ్లో తెల్లవారిందంటే ముందు వినిపించేది మగ్గాల చప్పుడే. నాయిన గుంట మగ్గం మీద నేసేవాడు. అమ్మ నూలుకు గంజి పెట్టి ఆరేసేది. నాయినను కన్న మా అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కబుర్లు చెప్పే ఆమె నోరూ రాట్నమూ ఒక్కసారే ఆగేవి.

అవ్వకు చూపు మందగించింది. పోగు తెగినా తెలియక చుట్టుకుంటూ పోతుంటే బట్టలో లోపాలు పడ్డాయి. ఇక హాయిగా కూర్చోమని నాయిన ప్రేమగానే చెప్పి, రాట్నం నాకు అప్పగించాడు. నేనెంత మురిసిపోయానో చెప్పలేను. నేతవాళ్ల ఇంట్లో ఆడపిల్లకు రాట్నం చేతికొచ్చిందంటే పెద్దవాళ్లలో కలిసినట్టే. ఆరిన నూలు కట్టలను, మేం చిలపలనేవాళ్లం, చిక్కుపడకుండా సర్ది, ఒక్కోదానికి ఎర్రపోగు కట్టి పెట్టేదాన్ని. అది నా గుర్తు.

అవ్వ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. జొన్న గటక ముందు పెడితే ఆకలి లేదనేది. జ్వరం లేదు, నొప్పి లేదు. హకీము వచ్చి చూసి ఏ రోగమూ లేదన్నాడు. చేతిలో పని పోతే మనిషి అలా కరిగిపోతుందని మాకెవరికి తెలుసు? అమ్మకు తెలుసని తర్వాత అర్థమైంది.

ఆ రోజుల్లోనే నా చిలపలు చిక్కుపడటం మొదలైంది. సాయంత్రం శుభ్రంగా సర్దిపెట్టినవి పొద్దున్నకల్లా జడలు కట్టేవి. అసలే యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనం. నాయిన నామీద మండిపడేవాడు. అమ్మ ఆ చిక్కునంతా అవ్వ ఒడిలో పోసి, "అత్తా, పోరి ఖరాబు చేసింది, నువ్వే జర సూడాలె" అనేది. అవ్వ లేచి కూర్చునేది. ఆ పనికి కళ్లతో అవసరం లేదు, వేళ్లు చాలు. నన్ను తిట్టుకుంటూ పోగులు విడదీసి, మళ్లీ గటక వేయమనేది.

నా చేతులు పనికిరావని నాయిన రాట్నాన్ని మాతోనే ఉండే చిన్నమ్మకిచ్చి, నన్ను మేకల వెంట తోలాడు. వాడకట్టు పిల్లలు నన్ను చిక్కుల పిల్ల అని ఏడిపించారు. నా చేతులు నేనే చూసుకుని ఏడ్చేదాన్ని. నాకూ తిండి సయించలేదు. విచిత్రమేమంటే, నేను రాట్నం ముట్టకపోయినా అవ్వ ఒడిలో చిక్కు తగ్గలేదు. అవి నేను అంతకుముందు సర్దినవేనని దానికీ నా పేరే చెప్పేది అమ్మ.

ఒక మధ్యాహ్నం కాలిలో ముల్లు దిగి, మేకలను తోలుకుని మధ్యలోనే ఇంటికొచ్చాను. పెరట్లో అమ్మ ఒక చిలప పట్టుకుని, పోగులను అడ్డదిడ్డంగా లాగి అరచేతుల మధ్య నలుపుతోంది. నేనెప్పుడో సర్దిపెట్టిన చిలప అది. నా ఎర్రపోగు దానికింకా వేలాడుతోంది.

అమ్మ దాచబోయి ఆగింది. ఆమే చెప్పింది.

"అవ్వ రెండు పూటలా తింటున్నది, సూస్తలేవా బిడ్డా? నీకింకా శాన పనులొస్తయి. ఆమెకు గిదొక్కటే మిగిలింది."

"నాకు చెప్తే నేనే చిక్కు చేసి ఇస్తుంటి గదా" అన్నాను.

అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. ముల్లు తీసి, పసుపు పెట్టి, నాయినకు చెప్పొద్దని మాత్రం బతిమాలింది. నేను చెప్పలేదు. అవ్వ పోయేదాకా ఆ చెడ్డపేరు నామీదే ఉంది. రాట్నం మళ్లీ నా చేతికి రాలేదు.

అమ్మ చేసింది తప్పని ఈనాటికీ అనలేను. అవ్వను బతికించుకుంది. కానీ కన్నతల్లే నన్ను మోసం చేసిందన్న బాధ కూడా ఈనాటికీ పోలేదు. పని మనిషిని నిలబెడుతుందని అంత బాగా తెలిసిన మనిషి, దాన్ని నా చేతుల్లోంచే తీసుకుంది.

ఇప్పుడు నాకూ చూపు ఆనడం లేదు. కోడలు చింతపండు తెచ్చి, గింజలు తీసిపెట్టమని నా ముందు పెడుతుంది. సంతోషంగానే తీసుకుంటాను. అయితే చేయి పెట్టేముందు ప్రతిసారీ ఒక మాట అడుగుతాను.

"గిది ఎవరి చేతులకెల్లి గుంజుకొచ్చినవు బిడ్డా?"

కోడలు నవ్వుతుంది. నేను నవ్వను.