ప్రార్థన చేసి ఇచ్చిన కంప్యూటర్

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చి సంఘంవాళ్లు పాత ల్యాప్‌టాప్‌లు పారేయరు, దైవాశీర్వాదం గారికి ఇస్తారు. కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన ఆయన వాటిని శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి, కంప్యూటర్ లేని ఇళ్లకు ఇస్తారు. ఇంటర్నెట్ కూడా లేకపోతే చిన్న వైఫై డబ్బా ఒకటి జత చేసి ఇస్తారు. దాని బిల్లు సంఘం కడుతుంది. ఇచ్చే ముందు మూత మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. మెషీన్‌కి కూడా ప్రేయరా అంకుల్ అని పిల్లలు నవ్వితే ఆయనా నవ్వుతారు.

పోయిన చలికాలం, ఒక ఆదివారం ఆరాధన తర్వాత జోసఫిన్‌కి ఒకటిచ్చారు. హోటల్లో వంట చేసే ఆవిడకి, వృద్ధుల సేవ నేర్పే ఆన్‌లైన్ కోర్సులో సీటు వచ్చింది. శనివారంలోపు మొదటి పాఠం పూర్తిచేయకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఫోన్‌లో ఆ పేజీ తెరుచుకోవడం లేదు.

శనివారం మధ్యాహ్నం, పాఠం ఎలా సాగిందో కనుక్కుందామని ఆయన బయల్దేరితే నేనూ వెళ్లాను. కంప్యూటర్ పాత పట్టుచీర ముక్కలో చుట్టి, అలమరలో బైబిల్ పక్కన ఉంది. ఒక్కసారీ తెరవలేదట.

"ప్రార్థన చేసిచ్చారు కదన్నయ్యా. ఈ ఉల్లిపాయ చేతుల్తో ఎలా ముట్టుకోను? ఏదో నొక్కి పాడుచేస్తానేమోనని భయం."

ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాత వంటింట్లో చపాతీలకు తీసిన పిండిలో వేళ్లు అద్దుకొచ్చి, మూత తెరిచి, ఆ వేళ్లతోనే నాలుగు మీటలు నొక్కారు.

"ఇదిగో, ముందు నేనే పాడుచేశాను. ఇక నీ ఇష్టమొచ్చినట్టు నొక్కమ్మా."

జోసఫిన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. చీర ముక్క మడిచి పక్కన పెట్టి కూర్చుంది. పొయ్యి మీద పప్పు సంగతి తను చూస్తానని ఆయన గరిటె అందుకున్నారు. ఆవిడ గదిలోంచి ప్రశ్న చదివి అడిగితే జవాబు మాత్రం ఆవిడనే ఆలోచించుకోమన్నారు. మంచం పట్టిన మనిషిని పక్కకు ఎలా తిప్పాలన్న ప్రశ్న దగ్గర ఆవిడే గట్టిగా అంది: "ఇది మా అత్తకి రోజూ చేసిందే."

చీకటి పడకముందే పాఠం పంపేసింది. ఈలోగా పప్పు అడుగంటింది. దైవాశీర్వాదం గారు ఆ గిన్నెనే బల్ల మీదికి తెచ్చారు. జోసఫిన్ లేవలేదు. రెండో పాఠం తెరుచుకుంటోందని, మమ్మల్నే వడ్డించుకోమంది.