మే నెలలో దిగి, జూన్ నెల రూము అడిగేను

మొన్న వేసవి సెలవుల్లో మేం హైదరాబాదు వెళ్ళి, ఉండడానికి రూము లేక సామాన్లతో నిలబడ్డ సంగతి మా ఆవిడ మీకు చెప్పేలోగా నేనే చెప్పేత్తాను. ఆవిడ చెప్తే నా పరువు ఒక్క ముక్క కూడా మిగలదు. టీ తీసుకోండి. నవ్వొత్తే నవ్వేయండి, ఏం పర్లేదు. ఇప్పటికే చాలామంది నవ్వేసేరు.

నాది అనకాపల్లిలో ఆన్‌లైన్ షాపు కదా! జిరాక్సు, లామినేషను, అప్లికేషన్లు నింపడం, రైలు టిక్కెట్లు తియ్యడం. చీడికాడ నుంచి, కె. కోటపాడు నుంచి కూడా జనం వత్తారు. "నూకరాజు చేత్తో చేసిన అప్లికేషను తిరిగి రాదు" అని ఊళ్ళో పేరు. ఆ పేరు ముందు పెట్టింది నేనే అనుకోండి, తర్వాత జనం అలవాటు పడ్డారు.

మా అమ్మాయి హారిక ఆరు పాసై ఏడుకొచ్చింది. హైదరాబాదు అవతలున్న పెద్ద థీమ్ పార్కుకి తీసుకెళ్తానని దానికి మూడేళ్ళ కిందట మాటిచ్చేను. ఒక ఏడు షాపులో పని, ఒక ఏడు మా అత్తకి మోకాలి నెప్పి. ఈ ఏడు అది అడగడం మానేసింది. పిల్ల అడుగుతున్నంత కాలం మనకి ధైర్యంగా ఉంటుంది గానీ, అడగడం మానేత్తే గుండెల్లో గుచ్చుకుంటుంది. అంచేత పార్కు టిక్కెట్లు మే పన్నెండుకి తీసేసేను. నేను, మా ఆవిడ లక్ష్మి, హారిక, చీడికాడ నుంచి లక్ష్మి వాళ్ళమ్మ, అంటే మా అత్త. నలుగురం.

ఇంక ఎక్కడ దిగాలి? అక్కడొచ్చింది గొడవ.

"మా పిన్నిగారింట్లో దిగుదాం, ఎప్పట్నుంచో రమ్మంటోంది" అంది లక్ష్మి.

"వాళ్ళిల్లు సిటీకి ఆ చివర. పార్కు ఈ చివర. ట్రాఫిక్కులోనే పూట అయిపోద్ది. పార్కు పక్కనే దిగి, గేటు తీసే టైముకి మనమే ముందుండాలి" అన్నాను.

పదిహేను రోజులు రీసెర్చి చేసేను. పార్కులోపలి హోటలు మన వల్ల కాదు. బస్టాండు పక్క లాడ్జీలకి రివ్యూల్లో నల్లుల గురించి ఒకాయన పద్యం లాగ రాసేడు. చివరికి దొరికింది ఒక రిసార్టు. పార్కుకి రెండు కిలోమీటర్లు. మామిడి తోట, నీలంగా స్విమ్మింగు పూలు, మంచం మీద తువ్వాలు హంసలాగ మడత పెట్టి ఫొటో! రోజూ ఇంటికొచ్చి ఫోన్లో ఆ ఫొటోలు చూపించేవాణ్ణి.

ప్రయాణానికని ముందే మా ఇంటికొచ్చేసిన మా అత్త ఒకరోజు విసుక్కుంది. "ఏటి బాబూ, ఒక్క రేత్రి తొంగోడానికి ఇంత సదువు సదవాలా?"

"అత్తా, నీకు తెలీదు. బుకింగంటే ఒక సబ్జెక్టు" అన్నాను.

బుక్ చేసేను. ఆ కాయితం ప్రింటు తీసి, ఏకంగా లామినేషను కూడా చేసేను. లక్ష్మి పిన్నికి నేనే ఫోన్ చేసి, "మీకెందుకండీ శ్రమ, మేం రిసార్టులో దిగుతున్నాం" అని గొప్పగా చెప్పేను. ఆవిడ సరేనని, తాళం వేసుకుని తిరుపతి వెళ్ళిపోయింది.

పొద్దున్నే సికిందరాబాదులో దిగి, కారు మాట్లాడుకుని రిసార్టుకి చేరేం. గేటు దగ్గర అరటి చెట్లు కట్టేరు, పూల తోరణాలు వేసేరు, లోపల సన్నాయి మోగుతోంది.

"చూసేరా! ఎలా రిసీవ్ చేసుకుంటన్నారో!" అన్నాను.

"పెళ్ళి నాన్నా అది" అంది హారిక.

రిసెప్షన్లో ఒక కుర్రాయన కంప్యూటర్లో చూసేడు. మళ్ళీ చూసేడు. "సార్, ఈరోజు మీ పేరు మీద రూము లేదు. రూములన్నీ పెళ్ళివాళ్ళవే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటండీ లేదంటారు? నేను అనకాపల్లిలో ఇదే పని చేత్తాను! రోజుకి ఎన్ని బుకింగులు చేత్తానో తెలుసా? తప్పు మీ సిస్టమ్‌లో ఉంది. పెద్దాయన్ని పిలండి!" అని లామినేషను కాయితం తీసి టేబులు మీద టపీమని కొట్టేను.

ఆ కుర్రాయన ఏం కోప్పడలేదు. కాయితం తీసుకుని, వేలు పెట్టి నెమ్మదిగా చదివేడు. "పేరు, నూకరాజు. కరెక్టే సార్. నలుగురు. కరెక్టే. తేదీ, జూన్ పన్నెండు."

"మే!" అన్నాను.

"జూన్ సార్."

లాక్కుని చూసేను. జూనే! అంత గట్టిగా లామినేషను చేసిన కాయితం మీద, చెరగకుండా, చిరగకుండా, నీళ్ళలో వేసినా తడవకుండా, జూన్!

"జూన్ పన్నెండున మా స్కూలు తెరుత్తారు నాన్నా" అంది హారిక మెల్లిగా.

అప్పుడు గుర్తొచ్చింది. నేను బుక్ చేత్తున్న టైములో ఒకాయన ఆధార్ కార్డు జిరాక్సుకని వచ్చి, "రెండువైపులా తియ్యి బాబూ, రెండువైపులా" అని తొందర పెట్టేడు. ఒక చేత్తో కార్డు తిప్పుతూ రెండో చేత్తో కేలండరు తిప్పేసేను. ఆయన కార్డు మాత్రం రెండువైపులా బ్రహ్మాండంగా వచ్చింది.

నేను తిట్టిన ఆ కుర్రాయనే పాపం చుట్టుపక్కల నాలుగు చోట్లకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మంచి ముహూర్తం, ఎక్కడా ఖాళీ లేదు. పిన్నిగారింటికి తాళం. పార్కు టిక్కెట్లు చూత్తే ఈరోజువే. అవి మాత్రం తప్పు పోలేదు. లక్ష్మి తిట్టేత్తే బాగుండును. సూట్‌కేసు మీద కూర్చుని గేటు వైపు చూత్తోంది. హారిక అయితే, "పర్లేదు నాన్నా, ఇంకోసారి వద్దాం" అంది. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేయి. చెప్పడానికి సిగ్గేం లేదు.

మా అత్త మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. "ఏటి సేత్తాం ఇప్పుడు? నాను తానం సెయ్యాలి, కాసిన్ని నీల్లు ఎక్కడైనా దొరుకుతాయేటో సూడండర్రా" అంది, కాస్త గట్టిగానే.

అంతే. వంటశాల వైపు నుంచి ఒకావిడ చేతిలో గరిటె పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, చీర కొంగు నడుముకి దోపింది.

"ఏ ఊరమ్మా మీది?" అంది.

"సీడికాడ."

"నాది ఎలమంచిలి!" అని మా అత్త చెయ్యి పట్టేసుకుంది. "ఇక్కడికొచ్చి ఆరేళ్ళయిపోనాది పిన్నీ. మన పక్క మాట సెవిలో పడితే పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చీసేను. లెండి, లెండి, మా గదికి పోదాం."

ఆవిడ పేరు సత్యవతి. ఆ రిసార్టులో వంటమనిషి. ఆవిడ మొగుడు రమణ తోటపని చూత్తాడు. వెనకాల పనివాళ్ళకిచ్చిన ఇంట్లో ఉంటారు. ముందొక గది, వెనకాల వంటకి కొంచెం చోటు, రేకుల కప్పు. పది నిమిషాల్లో మా అత్తకి వేణ్ణీళ్ళు పెట్టింది. మాకు ఇడ్లీ పెట్టింది. మొగుణ్ణి పిలిచి మా సామాన్లన్నీ మంచం కింద సర్దించింది.

"మీరు పాపని తీసుకుని పార్కుకి పోండి అన్నియ్యా. పిన్ని నా దగ్గరుంటాది. రేత్రికి ఇక్కడే పడుకుందురు గాని" అంది.

"అమ్మా, మీకు ఇబ్బంది..." అన్నాను.

"పెద్ద మాటలాడకండి. గేటు తెరిసే టైమైపోతంది" అంది.

గేటు తీసే టైముకి మనమే ముందుండాలని కదా నా ప్లాను! ఉన్నాం. ఎలాగున్నామన్నది పక్కన పెట్టండి. ఆ రోజు పార్కులో హారిక పెట్టిన కేకలు నేను జన్మలో మర్చిపోను. రోలరు కోస్టరు మూడుసార్లు ఎక్కింది. రెండోసారి నన్నూ ఎక్కించింది. పైకెళ్ళేక నేను పిలిచిన దేవుళ్ళలో కొందరి పేర్లు నాకు కిందికొచ్చేక గుర్తు లేవు. లక్ష్మి నీళ్ళ జారుడుబల్ల మీంచి దిగి, తడిసి ముద్దయి, నన్ను చూసి పకపకా నవ్వింది. అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది.

కానీ మనసంతా మా అత్త మీదే. పెద్దావిణ్ణి తెలియని చోట వదిలేసేం. సాయంత్రం కాగానే హడావిడిగా తిరిగొచ్చేం. చూత్తే గదిలో లేదు!

"వంటశాలలో ఉన్నారండి" అన్నాడు రమణ, కొంచెం భయంగా.

వెళ్ళి చూద్దును కదా, మా అత్త వంటశాల మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. చుట్టూ ఆరుగురు వంటవాళ్ళు నిలబడ్డారు. జరిగిందేటంటే, పెళ్ళి విందుకి పాకం గారెలు చెప్పేరు. బెల్లం పాకం రెండుసార్లు పాడయింది. ఒకసారి నీళ్ళలాగ, ఒకసారి రాయిలాగ. మా అత్త చిన్నప్పట్నుంచి చెరుకుతోటల్లో, బెల్లం వండే పొయ్యిల దగ్గర పెరిగిన మనిషి. చూసి ఊరుకోగలదా? "మంట తగ్గించరా. నీల్లల్లో సుక్కేసి సూడు. ఏలికి తీగ సాగిందా? దించు, దించు!" అని మొత్తం వంటంతా చేతిలోకి తీసేసుకుంది. పెద్ద వంటమేస్త్రీ ఆవిణ్ణి "అమ్మగారూ" అంటన్నాడు.

మేం అక్కడ నిలబడి ఉండగానే పెళ్ళికూతురి తండ్రి వచ్చేడు. గారె తిని, ఈ పాకం ఎవరు పట్టేరని అడుగుతూ వచ్చేడట. సంగతంతా సత్యవతి చెప్పింది, జూన్ నెల లామినేషనుతో సహా. ఆయన నవ్వాపుకోలేక నా భుజం మీద చెయ్యి వేసి, "మీరంతా మా బంతిలోనే కూర్చోవాలి" అన్నాడు. కూర్చున్నాం. భోజనాలయ్యేక మా అత్తకి చీర పెట్టి తాంబూలం ఇచ్చి, పెళ్ళికూతురు చేత దణ్ణం పెట్టించేరు. నేను పదిహేను రోజులు రీసెర్చి చేసి సంపాదించలేని మర్యాద, మా అత్త ఒక్క పాకంతో సంపాదించేసింది.

ఆ రాత్రి సత్యవతి వాళ్ళు గదిలో ఉన్న ఒక్క మంచం, ఒక్క ఫ్యాను మాకిచ్చి, వాళ్ళు వరండాలో చాప వేసుకున్నారు. ఎంత చెప్పినా వినలేదు. మొహం కూడా తెలియని మనుషులం కదా మేం! పొద్దున్న ఆవిడకి థాంక్స్ చెప్దామని వెళ్ళేను. అప్లికేషన్లో ఏ గడిలో ఏటి రాయాలో అందరికీ చెప్పే నాకు, అక్కడ ఏటి చెప్పాలో తెలీలేదు. "అమ్మా, సత్యవతీ..." అని ఆగిపోయేను. "కాఫీ సల్లారిపోతంది తాగండి" అంది ఆవిడ.

బయల్దేరే ముందు లక్ష్మి నన్ను పక్కకి పిలిచింది. "ఏవండీ, జూన్ పన్నెండు రూము మనదే కదా?"

"మనదే. రద్దు కూడా అవదు."

"వీళ్ళిద్దరికీ ఇచ్చేద్దాం."

మేనేజరు దగ్గరికెళ్ళేం. "మా వంటమనిషి మా గెస్టా?" అని ముందు బుర్ర గోక్కున్నాడు. రిసెప్షను కుర్రాయనే, "ఇద్దాం సార్, ఆరేళ్ళుగా ఆవిడ చేతి వంటే కదా గెస్టులు తింటన్నారు" అన్నాడు. మేనేజరు ఒప్పుకున్నాడు. పేర్లు మార్చేటప్పుడు నన్ను కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు లెండి. లక్ష్మి పక్కనే నిలబడి తేదీ రెండుసార్లు పైకి చదివించింది.

జూన్ పన్నెండు సాయంత్రం సత్యవతి వీడియో కాల్ చేసింది. ఏసీ రూములో మంచం అంచున మొగుడూ పెళ్ళాం ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. "అన్నియ్యా, పరుపులోకి దిగిపోతన్నాం! మా వంటోళ్ళే బోయినం తెచ్చి మాకు సెల్యూటు కొట్టేరు! మా ఆయన సిగ్గుపడిపోయి ఆళ్ళని కూడా కూకోబెట్టి తినిపించేడు!" ఆవిడ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఇటు లక్ష్మి కూడా కళ్ళు తుడుచుకుంటోంది. హారిక స్కూలు సంచి కూడా దించకుండా ఫోనులోకి దూరిపోయింది.

ఇప్పుడు దసరా సెలవులకి అరకు వెళ్దామంటున్నారు ఇంట్లో. ఇంతా అయ్యేక నేను రూము మాటెత్తడం మానేసేను. లక్ష్మినే చెయ్యమన్నాను. ఆవిడ ఫోను పట్టుకుంటుంటే మా అత్త అడ్డం పడింది.

"నువ్వొద్దే లచ్చీ. నువ్వు సేత్తే రూము దొరికేత్తాది. అల్లుణ్ణే సెయ్యనీ."

షాపు పెట్టి ఇన్నేళ్ళయింది. నా పని మీద ఇంత నమ్మకం పెట్టుకున్న కస్టమరు ఇంకోళ్ళు లేరు.