లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కి గంటా ఇరవై అన్నాడు మా బావ

ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకున్న మాట ముందు చెప్పేస్తాను. ట్రాయ్‌లో మా అక్క పెద్ద కూతురి పెళ్లికి అప్పట్లో మేముండే చికాగో నుంచి విమానంలో వెళ్లాను. టికెట్ బుక్ చేసింది బావే. రిటైరైన ఇంజనీరు. "గంటంబావు ప్రయాణం, పొద్దున బయల్దేరితే చాలు" అన్నాడు. ట్రాయ్‌లో గడియారం గంట ముందుంటుందని చెప్పలేదు. నేను హాల్లో అడుగుపెట్టేసరికి పిల్ల పీటల మీద ఉంది. మేనమామగా నేను మోయాల్సిన బుట్టను ఎవరో డాక్టరు మోశాడు. ఆనాటి నుంచి ఎక్కడ నలుగురు చేరినా బావది ఒకటే మాట: "మా బావమరిదికి టైమ్ తెలీదు."

రెండో పిల్ల పెళ్లి మా జెర్సీ సిటీలోనే. అంతకు ముందు వారం నా భార్య సరోజ ముచ్చటపడిందని లిస్బన్ వెళ్లాం. తిరుగు టికెట్లు మళ్లీ బావే తీశాడు. "ఆ సైట్లు నీకు అర్థం కావులేరా" అన్నాడు. లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కి ఒకటి, అక్కడి నుంచి న్యూవార్క్‌కి విడిగా ఇంకొకటి. ఆ రెండు ఊళ్ల మధ్య గాల్లో ఐదు వందల కిలోమీటర్లు. నేరుగా రైలు లేదు, బస్సుకి పగలంతా పోతుంది. విమానమే మేలు. మనిషికి అరవై యూరోలు, పెట్టెకి వేరే.

పెళ్లికి ముందురోజు పొద్దున ఇరవై యూరోలకి టాక్సీ ఎక్కాం. సరోజ ఫోన్‌లో టికెట్ చదివింది. "ఏడున్నరకి ఎక్కి తొమ్మిదీ యాభైకి దిగుతామటండీ."

"గంటా ఇరవై కదా బావ చెప్పింది?"

చెప్పాక నాకే వెలిగింది. మళ్లీ అదే గంట, మాడ్రిడ్ గడియారం లిస్బన్ కన్నా గంట ముందు. రెండో విమానం పదకొండూ ఇరవైకి. దాని కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అంటే చేతిలో ఉన్నది అరగంట. డ్రైవర్ పంజాబీ ఆయన, త్వరగా పొమ్మన్నాను. "నా బండి ఎంత తోలినా మీ విమానం ముందు కదలదు, చాచా" అన్నాడు.

ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె విప్పి పిల్లకి కొన్న పట్టుచీర చేతి సంచిలోకి మార్చాను.

"మాడ్రిడ్‌లో పెట్టె కోసం ఆగం" అన్నాను.

"నా బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. మీకేమన్నా పిచ్చా?"

"పెట్టె కావాలా, బుట్ట కావాలా?"

మాడ్రిడ్‌లో దిగి, పెట్టెని బెల్టు మీదే వదిలేసి పరుగెత్తాం. ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి బస్సు. సరోజ మోకాళ్లు పట్టుకుని మధ్యలో నిలబడిపోతే చెయ్యి పట్టి లాక్కెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి బోర్డు తిప్పేస్తోంది. మా ముఖాలు చూసి మళ్లీ కూర్చుంది.

మర్నాడు బుట్ట దగ్గర పిల్ల అడిగింది, "మావయ్యా, నేను హెవీ ఉన్నాను. నీ బ్యాక్ ఓకేనా?"

"నోరు మూసుకుని కూర్చో" అని ఎత్తాను. నడుం కలుక్కుమంది. దించలేదు.

మండపం దగ్గర బావ నవ్వాడు. "చూశావా, ఈసారి నా ప్లానింగ్?"

ఆ మాటకే ఇదంతా రాస్తున్నాను. రెండు ఊళ్ల మధ్య దూరం ఎవరైనా చెబుతారు. ఆ దూరంలో పోయిన గంట ఎవరి నెత్తిన పడుతుందో, పడ్డవాడికే తెలుస్తుంది. మీరు వెళ్తుంటే ఎన్ని గంటల ప్రయాణమని అడగకండి. దిగే ఊరి గడియారంలో ఎన్నింటికి దిగుతారో చూసుకుని, దాన్నిబట్టి రెండో టికెట్ కొనండి.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కొత్త జంటకి ఈ ఆదివారం మా ఇంట్లో భోజనాలు. ట్రాయ్ పెళ్లిలో తప్పు ఎవరిదో అందరి ముందూ నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? శనివారం సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి.