పాట ఆపిన పెద్దాయన

ఇంజిన్ కొట్టుకుంటోందని మొదట చెప్పింది మా పక్కింటి రహీమా అక్క. అమ్రాబాద్‌లో షేరింగ్ కారు ఎక్కి కాసేపే అయింది, ఇంకా ఘాట్ దిగలేదు.

"టక్ టక్ అంటుంది, జర విను తమ్మీ," అంది డ్రైవర్‌తో.

"నీ చెవిల పిండి గిర్నీ తిరుగుతుందక్కా!" అంటూ అతను పాట పెంచాడు. అందరం నవ్వాం.

ముందు సీట్లోని పెద్దాయన నవ్వలేదు. చెయ్యి చాపి పాట ఆపేశాడు. లోపలెవరో సుత్తితో కొడుతున్నట్టు ఆ చప్పుడు అప్పుడు అందరికీ వినబడింది.

బండి ఆపి చూస్తే ఆయిల్ అడుగంటింది. డిక్కీలోని డబ్బా తెచ్చి పోసినా కొట్టుకోవడం ఆగలేదు.

"మెల్లగ దిగుదాం పెద్దయ్యా, బేరం చెడగొట్టకు," అన్నాడు డ్రైవర్.

"ఆయిల్ పోసినా ఆగుతలేదంటే లోపల బేరింగ్ అరిగింది బిడ్డా. ఘాట్ల ఇంజిన్ పట్టేస్తే బ్రేకు గట్టిగైతది, తొక్కినా బండి ఆగదు." పెద్దాయనే మళ్లీ అన్నాడు: "మా ఇంటామె గూడ ఓసారి కార్ల గిట్లనే చప్పుడొస్తుందన్నది. ఆ డ్రైవర్ పాట పెంచిండు. మేమందరం నవ్వినం. ఆమె మాత్రం మల్ల ఇంటికి రాలే."

డ్రైవర్ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. మేం దిగి బస్సు కోసం నిలబడ్డాం. రహీమా అక్క తన సీసాలోని నీళ్లు పెద్దాయనకిచ్చింది.

మెకానిక్ ఇంజిన్ విప్పి, నలిగిపోయిన బేరింగులు మార్చాడని తర్వాత తెలిసింది.

మమ్మల్ని క్షేమంగా దించిన దేవుడికి రోజూ దండం పెడతాను. పెద్దాయన పేరు అడగలేదు, ఆయన ఇంటామె పేరూ తెలియదు. రహీమా అక్క దువాలో, నేను దీపం ముందు ఆమెనే తలచుకుంటాం. అలాంటి చప్పుడు మాకంటే ముందే విన్న ఆ ఇల్లాలిని మీరూ ఒక్కసారి తలచుకోండి.