బడి ఉండకూడని చోటు

ఉస్మాన్‌గంజ్‌లో మా బడి మిర్చి గోదాము మీద ఉండేది. కింద సేటు సరుకు, పైన మా పిల్లలు. కొత్త బస్తాలు దిగిన రోజు హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" కంటే తుమ్ములే ఎక్కువ వినిపించేవి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళు. నేను కొంగు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పేదాన్ని. అది గొప్ప బడి అని నేనెన్నడూ అనలేదు. ఆడుకోను జాగా లేదు, మెట్లు ఇరుకు, కిందికి దిగితే లారీలు. అయినా ఆ గల్లీ మొత్తానికి ఉన్న బడి అదొక్కటే.

తొంభైల చివరి మాట ఇది. నేను బహదూర్‌పురా నుంచి బస్సులో వచ్చి అఫ్జల్‌గంజ్‌లో దిగి నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. మా దగ్గర చదివేది హమాలీల పిల్లలు, బండ్లు లాగేవాళ్ళ పిల్లలు, కొట్లలో గుమాస్తాల పిల్లలు. హమాలీల కుటుంబాలు చాలావరకు పాలమూరు వైపు నుంచి వచ్చినవే. గోదాముల వెనక రేకుల గదుల్లో ఉండేవాళ్ళు, ఎండాకాలం కొట్ల అరుగుల మీద పడుకునేవాళ్ళు. అంటే మా పిల్లలు పొద్దున లేచేదీ మిర్చి ఘాటులోనే, రాత్రి కళ్ళు మూసేదీ అందులోనే.

ఏడో తరగతిలో ఒక బక్కపలచని పిల్ల ఉండేది. తండ్రి హమాలీ, తల్లి గోదాములో మిరపకాయల తొడిమెలు తుంచే పని. ఆ పిల్లకు లెక్కలంటే ఆట. నేను బోర్డు మీద తప్పు చేస్తే, బెంచీ కింద దాక్కుని మరీ నవ్వేది. తల్లి నాకు ముందే తెగేసి చెప్పింది.

"ఏడు పాసైతే పై బడికి పంపుత టీచరమ్మా. లేకుంటే నా ఎంబడి పనికొస్తది. ఇంట్ల ఖాళీగ కూసోవెట్టి సాదలేను."

ఆ రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష. మార్చి దాటితే ఆ పిల్ల గట్టున పడుతుంది. నా ఆశంతా ఆ మార్చి మీదే.

దసరా సెలవులు అయ్యాక ఒక ఆఫీసరు వచ్చాడు. మెట్లెక్కుతూనే తుమ్మడం మొదలుపెట్టాడు, గదిలోకి వచ్చినా ఆపలేకపోయాడు. రుమాలు తీసి ముక్కు తుడుచుకుని, "ఇక్కడ పిల్లలు ఎలా చదువుతారండీ? పాపం కదా!" అన్నాడు. నా పిచ్చిగానీ, ఇన్నాళ్ళకు గోదాము సంగతి పట్టించుకునేవాడు దొరికాడని సంబరపడ్డాను. కుర్చీ తుడిచి వేశాను. టీ కూడా తెప్పించాను.

ఆయన టీ తాగి, సంచిలోంచి మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. మా వీధి నీలం రంగులో ఉంది.

"నీలం అంటే కమర్షియల్ జోన్ మేడమ్. గోదాముకు పర్మిషన్ ఉంది. స్కూలుకే లేదు. ఖాళీ చెయ్యాలి."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా పని. ఘాటు పిల్లలకు మంచిది కాదట. అందుకని ఘాటును ఉంచి పిల్లల్ని పంపేయాలట!

"ఈ పిల్లలు పండుకునేది కూడా ఇక్కడే సార్. బడి మూస్తే ఎటు పోతారు?" అన్నాను.

"వాళ్ళెక్కడ ఉంటారన్నది నా పరిధిలోకి రాదమ్మా. స్కూలు ఎక్కడుండాలన్నదే నేను చూసేది."

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ మాటకే. రూలు రాసినవాడు చెడ్డవాడని అనను. లారీల మధ్య, బస్తాల మధ్య పసిపిల్లలు ఉండొద్దనే రాసి ఉంటాడు. ఆ ముక్క నేనూ ఒప్పుకుంటాను. కానీ బడి ఉండకూడని చోట పిల్లలు పుట్టొచ్చా? పెరగొచ్చా? బస్తాల మీద నిద్రపోవచ్చా? చదువుకుంటేనేనా తప్పు? ఇదే ఊళ్ళో, వేరే పేటల్లో, కింద బారు, పైన ఇంటర్ కాలేజీ ఉన్న బిల్డింగులు నా కళ్ళతో చూశాను. అక్కడి మ్యాపులో ఏ రంగు వేశారో మరి.

కనీసం మార్చి దాకా ఆగమని బతిమాలాను. ఆయన జాలిపడినట్టు మొహం పెట్టి ఒక ఉపాయం చెప్పాడు. "స్కూల్ అనే బోర్డు తీసేసి ట్యూషన్ సెంటర్ అని పెట్టుకోండి. అది వ్యాపారం కిందికి వస్తుంది, అభ్యంతరం ఉండదు." చదువు అమ్ముకుంటే ఫరవాలేదన్నమాట. ట్యూషన్ సెంటర్ పిల్లల్ని ఏడో తరగతి పరీక్షకు ఎవరు కూర్చోనిస్తారు? అదే అడిగితే ఆయన మ్యాపు మడతపెట్టుకున్నాడు.

బడి నడిపే పెద్దాయన ఆఫీసుల చుట్టూ కొన్నాళ్ళు తిరిగి చేతులెత్తేశాడు. "నాతోని కాదు టీచరమ్మా. ఈ వయసుల ఈ లొల్లి నేను పడలేను" అన్నాడు. సంక్రాంతి సెలవులకు మూసిన తలుపులు మళ్ళీ తియ్యలేదు.

నాకు బహదూర్‌పురాలోనే ఒక బడిలో పని దొరికింది. అక్కడి హెడ్‌మాస్టర్ కాళ్ళావేళ్ళా పడి ఆ పిల్లను ఏడో తరగతిలో చేర్పించాను. పాపం, కొన్నాళ్ళు అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి వచ్చింది. కిటకిటలాడే బస్సు, ఫుట్‌బోర్డు మీద వేలాడే మగపిల్లలు. ఒకరోజు జాకెట్టు చేయి చిరిగి వచ్చింది, ఏమైందంటే చెప్పలేదు. ఆ తర్వాత రావడం మానేసింది.

ఆ ఆదివారమే వాళ్ళ గదికి వెళ్ళాను. తల్లి నన్ను చూసి ఏడ్చింది.

"దాన్ని బస్సెక్కించి పనికి పోతే నా పానం పానంల ఉంటలేదు టీచరమ్మా. మీదనే బడి ఉన్నప్పుడు నాకేం ఫికర్ లేకుండె."

పిల్లేదని అడిగితే పైకి చూపించింది. మా గదులు కూడా సేటే అద్దెకు తీసుకున్నాడట. అదే ఇరుకు మెట్లెక్కాను. ఏడో తరగతి గదిలో ఎర్రగా కాయల గుట్ట, చుట్టూ ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ పిల్ల. వేళ్ళు మంట పుడుతున్నాయేమో, మధ్యమధ్యలో ఊదుకుంటోంది. ఆ ఆఫీసరు ఎదురుగా ఉంటే ఆ గుట్టలో అతని మొహం ముంచేదాన్ని. అబద్ధం ఎందుకు, అంత కోపం వచ్చింది.

పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. ముక్కు మీది గుడ్డ కిందికి లాగి అడిగింది.

"గా సార్ మళ్ల వస్తడా టీచర్? ఈడ పిల్లలుండొద్దన్నడు గదా."

"రాడమ్మా."

"మరి రాకుంటే, మళ్ల ఈడనే బడి వెట్టరాదు?"